ఎండాకాలంలో ఎడారి దాటాలంటే ఎత్తు చూసుకోవాలి

జులైలో ఎడారికి వెళ్తున్నామని చెబితే విన్నవాళ్ళంతా వద్దనే అన్నారు. మావారికీ నాకూ ఒకేసారి సెలవు దొరికేది అప్పుడే. అందుకని మానుకోకుండా మ్యాపు ముందేసుకుని కూర్చున్నాం. అమెరికా పడమటి ఎడారులు బల్లపరుపుగా ఉండవు. ఒక లోయ, ఒక కొండల వరస, మళ్ళీ లోయ. పొడిగాలి వెయ్యి అడుగులు పైకెక్కితే దాదాపు 5 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడుతుంది. అంటే లోయలో ప్రాణం తీసే ఎండ ఉన్నా, పక్కనున్న కొండ మీద హాయిగా నిద్రపోవచ్చు. పగలు ఎక్కడ తిరిగినా రాత్రి పడక మాత్రం ఎత్తులోనే ఉండాలని గట్టిగా అనుకున్నాం. ఈ యాత్రంతా ఆ ఒక్క నియమం మీదే నడిచింది.

మా కాంపర్ చిన్నది. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చుంటుంది. ప్రయాణంలో పైకప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగాక పైకి లేపితే చుట్టూ గుడ్డ గోడలు సాగి లోపల నిలబడేంత చోటు వస్తుంది. పడుకోవడానికి పరుపు, రెండు పొయ్యిల స్టవ్, బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్, కప్పు మీద సోలార్ ప్యానెల్, గాలిని బయటికి లాగే ఫ్యాన్. ట్రక్కుతో కలిపి పొడవు 20 అడుగులే. ఈ 20 అడుగుల విలువ కొండ రోడ్ల మొదట్లో ఉండే బోర్డుల దగ్గర బాగా తెలిసింది.

బయల్దేరే ముందు కూలెంట్, బెల్టులు, బ్యాటరీ చూపించాం. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్ళు ఉంచుకోవాలని నేషనల్ పార్కుల వాళ్ళు చెబుతారు. మేం దానికి రెట్టింపు పెట్టుకున్నాం.

శనివారం: మొహావీ

దక్షిణ కాలిఫోర్నియా నుంచి 15వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద వెళ్ళి, సీమా రోడ్డు దగ్గర మొహావీ నేషనల్ ప్రిజర్వ్‌లోకి తిరిగాం. సీమా డోమ్ అనే గుండ్రటి మెట్ట అంతా ఒకప్పుడు జాషువా చెట్ల అడవి. 2020 ఆగస్టులో పిడుగు పడి మంటలు లేచాయి. 43,000 ఎకరాలు కాలాయి, 13 లక్షల జాషువా చెట్లు పోయాయని అంచనా. రోడ్డుకు రెండు పక్కలా నల్లటి మోళ్ళు చేతులు పైకెత్తినట్టు నిలబడే ఉన్నాయి. ట్రక్కు ఆపి దిగాం. నాకు గొంతు పట్టేసింది.

ఈ చెట్టు పరాగసంపర్కం యక్కా మాత్ అనే చిన్న చిమ్మెట చేతుల్లోనే ఉంది. చిమ్మెట పువ్వులో పుప్పొడి అద్ది అక్కడే గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు కొన్ని గింజలు తిని బతుకుతాయి. ఒకటి లేకపోతే రెండోది లేదు. ఇంత నెమ్మదిగా పెరిగే అడవి మళ్ళీ నిండాలంటే మా తరం చాలదు.

రాత్రి హోల్ ఇన్ ది వాల్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాం, 4,400 అడుగులు. సాయంత్రం రింగ్స్ ట్రైల్‌కు వెళ్ళాం. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి అయిన రాయి నిండా తొర్రలు. ఇరుకు సందులో రాతికి బిగించిన ఇనుప కడియాలు పట్టుకుని ఎక్కాలి. కడియాలు ఇంకా వేడిగానే ఉన్నాయి, చేతి తొడుగులు ఉపయోగపడ్డాయి. రాత్రి పదయ్యాకే గుడ్డ గోడల్లోంచి గాలి ఆడింది. ఈ కాలానికి ఆ ఎత్తు సరిపోదని అప్పుడే అనుకున్నాం.

ఆదివారం: సముద్రమట్టం కింది నుంచి 8,133 అడుగులకు

చీకటుండగానే లేచి కెల్సో ఇసుక తిన్నెల దగ్గరికి వెళ్ళాం. 600 అడుగులకు పైగా ఎత్తున్న తిన్నెలివి. ఇసుక బాగా ఎండి ఉంటే వాలు మీద జారినప్పుడు లోపలి నుంచి బరువైన మోత వస్తుంది. మేం శిఖరం దాకా వెళ్ళలేదు. సగం ఎత్తులో వాలు మీద కూర్చుని కిందికి జారితే, కాళ్ళ కింద విమానం ఇంజన్ దూరంగా మోగుతున్నట్టు ఒక గుయ్యిమనే శబ్దం. చెవుల కంటే ముందు తొడలకు తెలిసింది ఆ అదురు. ఎండ ఎక్కేలోపే ట్రక్కులో ఉన్నాం.

దారిలో కెల్సో స్టేషన్. 1924లో రైల్వే కట్టిన అందమైన కట్టడం, బయటి నుంచే చూశాం. బేకర్ ఊళ్ళో 134 అడుగుల థర్మామీటరు ఉంది. 1913 జులై 10న డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ (56.7 సెల్సియస్) రికార్డుకు గుర్తుగా ఆ ఎత్తు పెట్టారు.

అక్కడి నుంచి 127, ఆ తర్వాత 190 హైవే. డెత్ వ్యాలీలోకి దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. ఫర్నెస్ క్రీక్ విజిటర్ సెంటర్‌లో నీళ్ళు నింపుకుని బ్యాడ్‌వాటర్‌కు వెళ్ళేసరికి మధ్యాహ్నం. ట్రక్కు మీటరు 121 చూపిస్తోంది, 49 సెల్సియస్ పైమాటే. ఎండాకాలంలో ఉదయం పది దాటాక నడవొద్దని అక్కడ బోర్డు ఉంది. మేం చెక్క వంతెన చివరి దాకా మాత్రం వెళ్ళి వచ్చేశాం. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువ, ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పల్లం లేదు. తలెత్తి చూస్తే వెనక కొండగోడ మీద చాలా పైన ‘సీ లెవెల్’ అని తెల్లటి బోర్డు.

ఆ వేడిలో చెమట కనిపించదు, పుట్టగానే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉంది కదా అని నీళ్ళు తాగడం మానేస్తే అదే ప్రమాదం. నుదుటి మీద చెయ్యి పెట్టుకుంటే ఉప్పు గరుకు తగిలింది. గాలి వీస్తే ఉపశమనం ఉండాలి కదా, అక్కడ గాలి వీస్తే కళ్ళు మండుతాయి. ఇంత వేడికి కారణం లోయ ఆకారమే. పసిఫిక్ నుంచి వచ్చే తేమను పడమటి కొండల వరసలు ఒక్కొక్కటిగా పిండేసుకుంటాయి, ఏడాదికి రెండంగుళాల వాన పడితే ఎక్కువ. నేల మీద వేడెక్కిన గాలి పైకి లేచినా రెండు పక్కలా ఎత్తైన గోడలుండటంతో మళ్ళీ కిందికే దిగుతుంది. దిగేటప్పుడు ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది.

స్టవ్‌పైప్ వెల్స్ దాటి ఎమిగ్రంట్ కాన్యన్ రోడ్డు ఎక్కాం. 25 అడుగుల కన్నా పొడవైన బండ్లకు ఇటు అనుమతి లేదు. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపేశాం. నేను మీటరు చదువుతూ కూర్చున్నాను. 120తో మొదలైంది. 2,000 అడుగుల దగ్గర 110కి వచ్చింది. 5,318 అడుగుల ఎమిగ్రంట్ పాస్ మీద 95.

“ఏవండీ, కిటికీ దించి చూడండి.”

దించారు. “గాలి మారింది కదూ!” అన్నారు. మండే వాసన పోయి, ఎండిన ఆకుల వాసన వస్తోంది.

వైల్డ్‌రోజ్ బొగ్గు బట్టీల దగ్గర 86. తేనెపట్టు ఆకారంలో 25 అడుగుల ఎత్తున పది రాతి బట్టీలు వరసగా ఉన్నాయి. 1877లో వెండి, సీసం కరిగించే కొలిమి కోసం పిన్యన్ పైన్ కట్టెను ఇక్కడ బొగ్గు చేశారు. కొన్నేళ్ళే వాడారు. అయినా లోపలికి వెళ్ళి పీల్చితే ఇప్పటికీ పొగ వాసన ఉంది. పైకి మిగిలింది గతుకుల మట్టి రోడ్డు. లో గేర్‌లో మెల్లగా ఎక్కి మహోగనీ ఫ్లాట్ చేరాం. 8,133 అడుగులు, 78 డిగ్రీలు. నీళ్ళు దొరకవు, రుసుమూ లేదు. తూర్పు అంచున నిలబడితే మధ్యాహ్నం మేం నిలబడ్డ ఉప్పునేల కింద తెల్లగా కనిపిస్తోంది. రాత్రి దుప్పటి కావలసి వచ్చింది.

సోమవారం: నెవాడా

రోజంతా డ్రైవింగే. బీటీ, టోనోపా, అక్కడి నుంచి 6వ నంబరు హైవే. టోనోపా 1900లో వెండి దొరికి పుట్టిన ఊరు. అది దాటితే 160 మైళ్ళకు పైగా పెట్రోల్ బంకు లేదని బోర్డే చెబుతుంది. ట్యాంకు నింపి, చక్రాల గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూసుకున్నాం. వేడికి టైర్లలో ఒత్తిడి పెరగడం సహజం. పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కు ఇంచుమించు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పెరిగింది కదా అని దారిలో గాలి తీసేయకూడదు.

ఈ దారిలో ఏమీ లేదనేవాళ్ళతో నేను ఒప్పుకోను. కనుమ ఎక్కితే ఎదురుగా పదిహేను, ఇరవై మైళ్ళ లోయ, మధ్యలో గీసినట్టు రోడ్డు, ఆ చివర మరో కొండల వరస. భూమి పైపొర తూర్పు పడమరలకు సాగి పగలడంతో కొన్ని దిమ్మెలు లేచి కొండలయ్యాయి, కొన్ని కుంగి లోయలయ్యాయి. ఇక్కడ పడిన వాన సముద్రానికి చేరదు. లోయల్లోనే ఇంకిపోతుంది, లేకపోతే ఆవిరై ఉప్పు మిగులుస్తుంది. గ్రేట్ బేసిన్ అనే పేరు అందుకే. రాత్రి ఈలీ అనే ఊరికి కాస్త ముందు, 7,000 అడుగుల పైనున్న అటవీశాఖ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం.

మంగళ, బుధవారాలు: గ్రేట్ బేసిన్

గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు పక్కనున్న ఊరి పేరూ బేకరే. ఈ నెవాడా బేకర్ నుంచి వీలర్ పీక్ రోడ్డు 12 మైళ్ళు ఎక్కుతుంది. పైభాగానికి 24 అడుగుల కన్నా పొడవున్న బండ్లను రానివ్వరు. ఆర్‌వీలనే ఇళ్ళలాంటి పెద్ద పెద్ద బండ్లు కింద ఆగిపోయాయి, మేం నేరుగా పైకి వెళ్ళాం. క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 9,900 అడుగుల ఎత్తులో ఉంది. ముందే బుక్ చేసుకోబట్టి చోటు దొరికింది. ఆ రాత్రి 40 డిగ్రీలకు పడిపోయింది, నాలుగు సెల్సియస్. స్వెటర్లు వేసుకుని పడుకున్నాం. ఇంత ఎత్తులో నీళ్ళు 90 సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పప్పు ఉడకాలంటే చాలాసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోవడం మంచిదైంది. మొదటి రోజు నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. అందుకని ఎక్కువ నడవలేదు.

బుధవారం పొద్దున వేల ఏళ్ళు బతికే బ్రిసిల్‌కోన్ పైన్ల దగ్గరికి వెళ్ళాం. నేను ఈ యాత్ర కోరుకున్నదే వీటి కోసం. రాళ్ళగుట్టల మధ్య, ఇంకే చెట్టూ బతకని చోట ఉంటాయి. ఒక చెట్టు దగ్గర అరగంట కూర్చున్నాను. మాను ముప్పాతిక భాగం చచ్చిపోయింది. బెరడు లేదు, కట్టె బూడిద, తేనె రంగుల్లో మెలితిరిగి నున్నగా ఉంది. ఒక పక్క మాత్రం అరచేతి వెడల్పు బెరడు పట్టీ వేరు నుంచి పైదాకా పాకి, ఒకే ఒక కొమ్మను పచ్చగా నిలబెట్టింది. సూదుల్లాంటి ఆకులు ఐదేసి గుత్తులుగా కొమ్మ చుట్టూ దట్టంగా ఉన్నాయి. ఒక ఆకు నలభై ఏళ్ళ దాకా రాలకుండా ఉండగలదు. నాకు ఇష్టమైన సంగతి ఇదే. ఏటా కొత్త ఆకులు తొడిగే ఖర్చు కూడా పెట్టుకోదు ఈ చెట్టు. చలికీ కరువుకీ అతి మెల్లగా పెరగడంతో కట్టె చిక్కగా, జిగురుతో నిండి ఉంటుంది. పురుగు తొలవలేదు, బూజు పట్టదు. చచ్చాక కూడా కుళ్ళదు, గాలికి రాయిలా అరుగుతుంది.

1964లో ఇదే కొండ మీద ప్రొమీథియస్ అని పేరున్న చెట్టును పరిశోధన కోసం అటవీశాఖ అనుమతితోనే కొట్టేశారు. కొట్టాక లెక్కపెడితే, వయసు చెప్పే వలయాలు 4,862 వచ్చాయి. అప్పటికి ఇది నేషనల్ పార్కు కాదు, 1986లో అయింది. ఆ కథ చదివి వచ్చాను గనక ఆ వనంలో ఏ చెట్టునూ తాకబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం లేమన్ గుహలకు దిగాం. ఏడాది పొడుగునా 50 డిగ్రీలే, పది సెల్సియస్. సున్నపురాతి కవచాలు ఇక్కడి ప్రత్యేకత. గోడలోంచి గుండ్రటి పళ్ళేల్లా పొడుచుకొచ్చి, అంచుల నుంచి తెరలు వేలాడుతుంటాయి. రాత్రి పాలపుంత ఎంత స్పష్టంగా ఉందంటే, మధ్యలోని నల్లటి చారలు కూడా లెక్కపెట్టొచ్చు.

గురువారం: యూటా

డెల్టా, సలైనా మీదుగా కాపిటల్ రీఫ్. ఎర్రటి కొండగోడ కింద ఫ్రూటాలో 1880ల నుంచి మోర్మన్ కుటుంబాలు వేసిన పండ్ల తోటలను పార్కు వాళ్ళే చూసుకుంటున్నారు. ఆప్రికాట్లు అయిపోవచ్చాయి. తోటలో నిలబడి తిన్నంత తినొచ్చు. వేడి 96. ఎక్కువసేపు ఆగకుండా హైవే 12 మీద బౌల్డర్ పర్వతం ఎక్కి, 8,000 అడుగుల పైన ఆస్పెన్ చెట్ల మధ్య పడుకున్నాం.

శుక్రవారం: వరద

హ్యాంక్స్‌విల్ దాటాక హైవే 95. జులైలో దక్షిణం నుంచి తేమగాలి వచ్చి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. మా నెత్తిన ఆకాశం నీలంగానే ఉంది. ఉత్తరాన ఎక్కడో ఒక నల్ల మబ్బు. రోడ్డు ఒక వాగు గట్టునే మెలికలు తిరుగుతూ పోతోంది. మలుపు తిరగగానే ముందు రెండు కార్లు ఆగి ఉన్నాయి. వాళ్ళ ముందు పల్లంలో రోడ్డు మీదుగా ఎర్రటి నీళ్ళు పోతున్నాయి.

ట్రక్కును వెనక్కి తీసి ఎత్తైన చోట పెట్టి చూస్తూ నిలబడ్డాం. ముందు పుల్లలు, నురుగు, ఎండిన పేడ. తర్వాత నీళ్ళు చిక్కబడి చాక్లెట్ రంగుకు వచ్చాయి. అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. కదిలే నీళ్ళు ఆరంగుళాలుంటే మనిషిని పడేస్తాయి, అడుగు లోతుంటే మామూలు కారును, రెండడుగులుంటే ట్రక్కును కూడా తోసుకుపోతాయి. అది ఎంత లోతుందో పైనుంచి తెలిసే అవకాశమే లేదు. “మన ట్రక్కు ఎత్తుగానే ఉంది కానీ, కింద రోడ్డు మిగిలిందో లేదో” అన్నారు మావారు. నాకూ అదే టెన్షన్. ఎవరూ దిగలేదు. రెండు గంటల తర్వాత నీళ్ళు పలచబడి చీలమండ లోతుకు వచ్చాయి. ఆ తర్వాత రోడ్డు పనివాళ్ళ బండి వచ్చి బురద పక్కకు తోసి పొమ్మన్నాక కదిలాం. చుక్క వాన చూడకుండా వరద చూశాం.

కొలరాడో నది మీద హైట్ వంతెన దాటి నేచురల్ బ్రిడ్జెస్ చేరేసరికి సాయంత్రం ఆరు. ఎత్తు 6,500 అడుగులు. ఉన్నవి 13 చోట్లే, ముందు వచ్చినవాళ్ళవే. 26 అడుగుల పొడవు దాటితే అవీ లేవు. చివరి చోటు మాకు దొరికింది. ఇది 1908లోనే యూటాలో మొట్టమొదటి నేషనల్ మాన్యుమెంట్ అయింది. ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కు (దీపాల వెలుగు పడకుండా చీకటి ఆకాశాన్ని కాపాడే చోటు) కూడా ఇదే, 2007లో ప్రకటించారు. ఆ రాత్రి మాత్రం మబ్బులే. పొద్దున ఒవాచోమో అనే సహజ రాతి వంతెన కిందికి దిగి చూశాం. 180 అడుగుల వంపు, మధ్యలో మందం 9 అడుగులే. ఎంతకాలం నిలబడుతుందో అనిపిస్తుంది.

శనివారం: మోకీ డగ్‌వే, మాన్యుమెంట్ వ్యాలీ, ఫ్లాగ్‌స్టాఫ్

1950లలో యురేనియం ఖనిజం దింపడానికి కొండగోడను తొలిచి వేసిన మట్టి రోడ్డు మోకీ డగ్‌వే. మూడు మైళ్ళలో 1,000 అడుగులకు పైగా దిగుతుంది, పక్కన రెయిలింగ్ ఉండదు. 28 అడుగుల లోపు బండ్లకే మంచిదని బోర్డు. దిగే ముందు కాంపర్‌ను ట్రక్కుకు పట్టి ఉంచే నాలుగు బిగింపులనూ మళ్ళీ తిప్పి చూశాం. లో గేర్ వేసి, బ్రేకు మీద కాలు ఆనించకుండా దిగారు మావారు. నేను లోయ పక్కన కూర్చున్నాను, మాట్లాడలేదు.

కింద గూస్‌నెక్స్ దగ్గర సాన్ వాన్ నది 1,000 అడుగుల లోతున మెలికలు తిరుగుతుంది. ఒకటిన్నర మైలు ముందుకు పోవడానికి ఆరు మైళ్ళు ప్రవహిస్తుంది. తర్వాత మాన్యుమెంట్ వ్యాలీ. ఇది నావహో జాతి సొంత పార్కు, 1958లో పెట్టుకున్నారు. లోపలి నేల వాళ్ళ ఇళ్ళు, గొర్రెల మేత ఉన్న చోటు. అందుకే మా బండి బయట పెట్టి నావహో గైడుతో జీపులో వెళ్ళాం. మీరూ అలాగే వెళ్ళండి. ఏ రాయి కింద నీటి ఊట ఉందో, ఏ గోడ మీద పాత చిత్రాలున్నాయో ఆయన చూపిస్తేనే తెలిసింది.

అక్కడి నుంచి ఫోన్లో గడియారం పదేపదే మారింది. ఎండాకాలంలో నావహోలు గడియారం గంట ముందుకు జరుపుతారు, మిగతా ఆరిజోనా జరపదు, మధ్యలో ఉన్న హోపీ అనే మరో జాతి ఊళ్ళూ జరపవు. ట్యూబా సిటీ దగ్గర రోడ్డుకు అటు ఒక టైము, ఇటు ఒక టైము. మాన్యుమెంట్ వ్యాలీ 5,200 అడుగులే కాబట్టి రాత్రికి ఉండలేదు. 7,000 అడుగుల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ పైన్ అడవిలో ఆగాం.

ఆదివారం: తిరుగు దారి

మిగిలిన అడ్డంకి ఒక్కటే, నీడిల్స్ దగ్గర కొలరాడో లోయ. ఎత్తు 500 అడుగులే, జులై మధ్యాహ్నం 110 మామూలు. పగలు దాన్ని దాటే ఉద్దేశం మాకు లేదు. కాంపర్ కప్పు ముందు రాత్రే సగం సర్ది, తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. ఆ నెలలో ఆరిజోనాకూ కాలిఫోర్నియాకూ ఒకటే టైము గనక లెక్క తేలికైంది. ఆరింటికి నది దాటుతుంటే మీటరు 88 చూపింది. నీడిల్స్‌లో ట్యాంకు నింపి, టైర్లు తడిమి చూసి, మళ్ళీ ఎక్కుడు దారి పట్టాం. ఎనిమిదిన్నరకల్లా బార్‌స్టో దాటేశాం. రేడియోలో నీడిల్స్‌కు అధిక వేడి హెచ్చరిక చదువుతున్నారు.